మాగబెట్టిన ముసలితనం

విశాఖపట్నంలో ఒక వస్తువు పాతబడటానికి ఎవరూ ప్రత్యేకంగా కష్టపడనక్కర్లేదు. బీచ్ రోడ్డు వెంట ఉన్న ఇళ్ల కిటికీ ఊచలకు ఎన్నిసార్లు రంగు వేసినా తుప్పు మళ్లీ పైకి తేలుతూనే ఉంటుంది. 2002 నుంచి ఇసుక ఒడ్డున మ్యూజియంగా నిలబడి ఉన్న కుర్సురా జలాంతర్గామి ఉక్కు ఒళ్లు కూడా ఉప్పుగాలితో రోజూ పోరాడవలసిందే. పూజగదిలో ఇత్తడి కుందులను చింతపండు పెట్టి తళతళలాడేలా తోమినా, నాలుగు రోజులు తిరక్కుండానే మసకబారతాయి. ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం పైనే ఉండే ఊరిది. ఆ తేమే చేతి గడియారంలోకీ దూరుతుంది. గ్లాసు లోపల ఆవిరి పట్టగానే వాచీని తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టడం ఇక్కడి ఇళ్లలో పాత అలవాటు.

అంటే ఇన్నాళ్లూ ఈ ఊరివాళ్లు వాచీ డయలును ముసలితనం నుంచి కాపాడుకోవడానికే పాట్లు పడ్డారు. ఇప్పుడు లెక్క తిరగబడింది. నిగనిగలాడే కొత్త డయలును కావాలని పసుపు రంగుకు తిప్పి, అంచుల దగ్గర మరకలు పుట్టించి, అంకెల మీది చీకట్లో వెలిగే పూతకు పాత మీగడ రంగు తెప్పించి 'వింటేజ్' అనిపించే పని ప్రపంచమంతటా ఒక చేతిపనిగా పెరిగింది. కొందరు సరదాకు చేస్తారు. పెద్ద కంపెనీలు బహిరంగంగా చేస్తాయి. ఇంకొందరు మోసానికి చేస్తారు. ముగ్గురి చేతిలోనూ పనిముట్లు దాదాపు ఒకటే కాబట్టి, ఆ పని ఎలా సాగుతుందో తెలిస్తే తప్ప ఎవరు ఏం చేశారో తేల్చడం కష్టం.

ముందు డయలు అంటే ఏమిటో చూడాలి. పైకి ఒకే బిళ్లలా కనిపించినా అది పొరల కట్ట. అడుగున సన్నని ఇత్తడి రేకు. దాని మీద వెండి పూతో, రంగో. ఆ పైన పారదర్శకమైన లాకర్, అంటే వార్నిషు. అంకెలు, పేరు, నిమిషాల గీతలు అచ్చు వేసిన సిరా. కొన్నిటికి చీకట్లో వెలిగే పూత. ఈ పొరల్లో ప్రతి ఒక్కటీ వేరే కారణానికి, వేరే వేగంతో ముసలిదవుతుంది. లాకర్‌ను పసుపుపచ్చగా చేసేది ప్రధానంగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు. వెండి పూతను నల్లబరిచేది గాలిలోని గంధకపు వాయువులు. ఉడికిన గుడ్డు పచ్చసొన తగిలిన వెండి చెంచా నల్లబడేదీ ఇందువల్లే. ఇత్తడి మీద పచ్చని చిలుము పుట్టించేది తేమ, ఉప్పు. 1950, 60 దశకాల నాటి కొన్ని నల్ల డయళ్లు ఎండకూ వేడికీ తేమకూ రంగు విరిగి, కాఫీ గింజ రంగులోకి దిగాయి. సేకర్తలు వాటినే 'ట్రాపికల్ డయలు' అంటారు. ఉష్ణమండలపు ఎండ చేసిన పని కాబట్టి ఆ పేరు. ఆ పేరులో ఉన్న మండలంలోనే మనం కాపురం ఉంటున్నాం.

ఈ మార్పులకు ఒక దిక్కు కూడా ఉంటుంది. కృత్రిమంగా పాతబరచడంలో చివరికి అందరూ తడబడేది ఇక్కడే. తేమ వాచీలోకి ఎక్కడపడితే అక్కడ దూరదు. కీ ఇచ్చే మరచుట్టు దగ్గర, గ్లాసు అంచు దగ్గర, వెనకమూత సందులో దూరుతుంది. అందుకే సహజమైన మరక తరచూ మూడు గంటల అంకె వైపు నుంచో, అంచుల నుంచో మొదలై లోపలికి పాకుతుంది. ఎండ కూడా అంతే. గ్లాసు కింద కనిపించే భాగానికే అది తగులుతుంది. వాచీ కేసు (చట్రం) అంచు కింద దాగిన సన్నని వలయానికి వెలుగు సోకదు కాబట్టి, డయలును బయటికి తీస్తే ఆ అంచు మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఉన్న రంగుకు దగ్గరగా ఉంటుంది. ఏళ్ల తరబడి గోడకు వేలాడిన పటాన్ని తీస్తే వెనక సున్నం తెల్లగా కనిపించినట్టు.

ఇక చేతులతో తెచ్చే ముసలితనం సంగతి. అందరికీ తట్టే మొదటి దారి వేడి. డయలును విడదీసి ఓవెన్‌లో పెడితే లాకర్ రంగు మారుతుంది. దీని వెనక ఒక మోటు లెక్క ఉంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినకొద్దీ చాలా రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపు అవుతుంది. గది వేడి 30 డిగ్రీలనుకుంటే 100 డిగ్రీల దగ్గర ఏడుసార్లు రెట్టింపు, అంటే దాదాపు 128 రెట్లు. ఈ లెక్కన ఓవెన్‌లో మూడు రోజులు అల్మారాలో ఏడాదికి సమానం. యాభై ఏళ్లు కావాలంటే 140 రోజుల పైన ఉడకాలి. అంత ఓపిక ఎవరికి ఉంటుంది? అందుకే వేడి పెంచుతారు. అక్కడే అసలు విషయం బయటపడుతుంది. బాగా ఎక్కువ వేడిలో జరిగేది నెమ్మదిగా జరగవలసిన పనే తొందరగా జరగడం కాదు, వేరే పని. లాకర్ పసుపెక్కడానికి బదులు మాడుతుంది, బుడగలు లేస్తుంది, సిరా అంచులు చెదురుతాయి.

రెండో దారి ఎండ, లేదా అతినీలలోహిత దీపం. ఇది నిజానికి దగ్గరగా ఉండే పద్ధతే, కానీ నెలలు పడుతుంది. విశాఖ వేసవిలో మేడ మీద ఎండబెట్టినా ఒక్క సీజనులో పని తెమలదు. పైగా డయలును ఒంటరిగా ఎండలో పెట్టేవాళ్లే ఎక్కువ. అప్పుడు కేసు కింద దాగవలసిన అంచు కూడా మిగతాదానితో సమానంగా రంగు మారుతుంది. తర్వాత దాన్ని కేసులో బిగిస్తే పైకి ముచ్చటగానే ఉంటుంది. విప్పి చూసిన మెకానిక్‌కు మాత్రం అది గ్లాసు కింద పెరిగిన వయసు కాదని క్షణంలో తెలిసిపోతుంది.

వెండి పూత డయళ్లకు వేరే మందు ఉంది. గంధకాన్నీ పొటాష్‌నూ కలిపి తయారుచేసే ద్రావణంలో ముంచితే వెండి కొన్ని క్షణాల్లోనే బంగారు ఛాయకు, తర్వాత గోధుమ రంగుకు, చివరికి నలుపుకు తిరుగుతుంది. ఫ్యాన్సీ దుకాణాల్లో అమ్మే 'ఆక్సిడైజ్డ్' వెండి నగల నల్లని మెరుగు కూడా ఇలాంటి మందుతోనే వస్తుంది. మూత పెట్టిన డబ్బాలో అడుగున అమ్మోనియా పోసి, తగలకుండా పైన ఇత్తడి రేకును వేలాడదీస్తే ఆ ఆవిరికి రేకు రంగు తిరుగుతుంది. వెనిగర్, ఉప్పు కలిపితే చిలుము. అంకెల మీది వెలిగే పూతకు టీ డికాక్షన్. ఇంకొందరు పసుపు ఛాయ కలిపిన వార్నిషును తుంపరగా కొట్టి ఊరుకుంటారు. డైవర్ల వాచీల గ్లాసు చుట్టూ ఉండే అల్యూమినియం వలయాన్ని (బెజెల్) బట్టలకు వాడే బ్లీచులో నానబెట్టి వెలిసిపోయిన బూడిద రంగు తెప్పించడం కూడా బాగా ప్రచారంలో ఉన్న చిట్కా.

ఒక్క డయలు మాత్రం ఈ మందులకు లొంగదు. అసలైన ఎనామెల్ డయలు అంటే సుమారు 800 డిగ్రీల వేడిలో రేకు మీద కరిగించిన గాజు. వందేళ్లయినా అది తెల్లగానే ఉంటుంది, పగిలితే వెంట్రుకంత బీట ఇస్తుంది తప్ప పసుపెక్కదు. కాబట్టి 'పాత ఎనామెల్, కాలానికి పచ్చబడింది' అని చెబుతూ ఎవరైనా జేబు గడియారం చూపిస్తే అది ఎనామెల్ కాకపోయి ఉండాలి, లేదా దానికి పైన ఏదో పూసి ఉండాలి.

ఈ పద్ధతులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మామిడికాయల సంగతి గుర్తుకు రాకమానదు. గడ్డిలో వేసి మాగబెట్టిన బంగినపల్లికీ, కార్బైడు పెట్టి మగ్గించినదానికీ పైతోలు రంగులో తేడా పట్టడం కష్టమే. ముక్క కోస్తే తెలుస్తుంది. రంగు వచ్చింది గానీ వాసన రాలేదు, టెంక దగ్గర పులుపు పోలేదు. పండటం అంటే రంగు, వాసన, తీపి, మెత్తదనం వేటి వేగంతో అవి నడిచి ఒక చోట కలుసుకోవడం. మందు ఒక్క రంగును మాత్రం ముందుకు ఈడ్చుకొస్తుంది. డయలు విషయంలోనూ ఇదే జరుగుతుంది. వేడి లాకర్‌ను ముసలిదాన్ని చేస్తుంది, వెండిని కాదు. గంధకం వెండిని ముసలిదాన్ని చేస్తుంది, సిరాను కాదు. డయలు యాభై ఏళ్లు దాటినట్టుంటుంది, ముళ్లు నిన్న కొన్నట్టుంటాయి. కాలం ఒక్కటే పొరలన్నిటి మీదా ఒకేసారి నడుస్తుంది.

వెలిగే పూత దగ్గర ఈ తేడా మరీ స్పష్టంగా, అంకెల్లోనే కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల నుంచి 1960ల దాకా ఈ పూతలో నిజంగానే రేడియం ఉండేది. మన ఇళ్లలో వెలిగే వాచీని 'రేడియం వాచీ' అనే అలవాటు ఇప్పటికీ పోలేదు. ఆ తర్వాత ట్రిటియం అనే మరో రేడియోధార్మిక పదార్థం వచ్చింది. డయలు అడుగున 'స్విస్' అనే మాటకు అటూ ఇటూ 'టీ' అక్షరం ఉంటే దాని గుర్తు అదే. 1990లలో ఏ కిరణాలూ వెలువరించని స్ట్రాన్షియం అల్యూమినేట్ పూత వచ్చింది. జపాన్‌కు చెందిన నెమోటో కంపెనీ తెచ్చిన ల్యూమినోవా, దాని స్విస్ రూపమైన సూపర్ ల్యూమినోవా ఈ కోవలోవే. ట్రిటియం అర్ధజీవిత కాలం, అంటే అది సగానికి తరగడానికి పట్టే కాలం, 12.3 ఏళ్లు. 1965 నాటి వాచీలో అరవై ఏళ్ల తర్వాత మిగిలేది సుమారు 3 శాతం. రేడియం అర్ధజీవిత కాలం 1,600 ఏళ్లు. అదే అరవై ఏళ్లకు దానిలో 97 శాతం అలాగే ఉంటుంది. అయినా పాత రేడియం డయలు చీకట్లో వెలగదు. రేడియం తరిగిపోయి కాదు, దాని కిరణాల దెబ్బకు వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ నలిగిపోయి.

అందుకే టార్చి లైటు ఒక మంచి సాక్షి. 1960ల నాటిదని చెప్పే వాచీ అంకెల మీద అర నిమిషం వెలుగు వేసి, గది చీకటి చేసినప్పుడు అవి గంటల తరబడి ఆకుపచ్చగా వెలుగుతుంటే, ఆ మీగడ రంగు ఈమధ్య కలిపిన రంగే. పూత పాతదైతే వెలగదు, లేదా కొన్ని క్షణాలు మిణుక్కుమని ఆరిపోతుంది. రేడియం ఉంటే రేడియోధార్మిక కిరణాలను పసిగట్టే గైగర్ కౌంటరు టకటక కొడుతుంది. ట్రిటియం కిరణాలకు గ్లాసును దాటే బలం లేదు కాబట్టి అక్కడ మామూలు కౌంటరు మౌనంగానే ఉంటుంది. ఈ పరీక్షలకన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇంకొకటి ఉంది. పాత రేడియం పూతను ఇంట్లో గోకకూడదు. ఆ ధూళి ఊపిరితో లోపలికి పోవడమే అసలు ప్రమాదం. అమెరికాలోని న్యూజెర్సీలో కుంచె మొనను పెదాలతో సన్నం చేసుకుంటూ ఈ పూత వేసిన ఆడకూతుళ్ల దవడ ఎముకలు కుళ్లిపోయాయి. వాళ్లలో ఐదుగురు కోర్టుకెక్కితే 1928లో కంపెనీ రాజీకి రాక తప్పలేదు. డయలును పాతగా కనిపించేలా చేయాలనే సరదాలో అసలైన పాత పూతను చెక్కి తీసేవాళ్లు ఈ చరిత్రను తప్పకుండా తెలుసుకోవాలి.

కంపెనీలు చేసేదాన్ని మోసం అనలేం. 2012లో ట్యూడర్ బ్లాక్ బే, 2014లో ఒమేగా సీమాస్టర్ 300 పాత రూపురేఖలతో వచ్చాయి. సూపర్ ల్యూమినోవా తయారీదారులు 'ఓల్డ్ రేడియం' అనే పేరుతోనే పాత ఛాయ ఉన్న పూతను అమ్ముతున్నారు. కొనేవాడికి వాచీ కొత్తదని తెలుసు, రంగు అచ్చంగా రంగేనని తెలుసు. అయితే ఇక్కడ చెప్పుకోదగ్గ లోటు ఒకటుంది. ఏ కంపెనీ వాచీ చూసినా దాదాపు అదే మీగడ రంగు. నిజంగా పాతబడిన డయళ్లలో ఏ రెండూ ఒకలా ఉండవు. కంచు కేసుల వాచీలు ఈ విషయంలో ఎంతో నిజాయితీ గలవి. వాటిని కొత్తగానే అమ్ముతారు, ముసలితనం కొన్నవాడి చెమట నుంచీ అతనుండే ఊరి గాలి నుంచీ వస్తుంది. విశాఖలో తొడిగిన కంచు వాచీ, ఎండాకాలం పొడిగాలుల అనంతపురంలో తొడిగినదానికన్నా తొందరగా, వేరే ఛాయలో రంగు తిరుగుతుంది.

పాతబడటం మీద ఈ మోజు ఎక్కడిదాకా వెళ్లిందో చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. 1990ల మధ్యలో వచ్చిన రోలెక్స్ డేటోనా 16520 వాచీల్లో కొన్నిటి చిన్న డయళ్ల చుట్టూ ఉన్న వెండి వలయాలు గోధుమ రంగుకు తిరిగాయి. వాటి మీద వేసిన జాపోన్ (Zapon) అనే వార్నిషు వెండిని సరిగా కాపాడలేకపోయింది. ఒకరకంగా అది తయారీలో దొర్లిన లోపం. వేలం పాటల నిపుణుడు ఒస్వాల్డో పాట్రిజ్జీ దాన్ని గుర్తించి చెప్పాక, ఆ లోపమే 'పాట్రిజ్జీ డయలు' అనే పేరుతో మామూలు వాచీకన్నా ఎక్కువ ధర పలకసాగింది. లోపానికి ధర పుట్టిన చోట లోపాన్ని తయారుచేసేవాళ్లు పుట్టకుండా ఉంటారా?

ధర పెరిగిన చోట పెద్ద పెద్దవాళ్లే బోల్తా పడ్డారు. 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ సంస్థ జరిపిన వేలంలో, గోధుమ రంగుకు తిరిగిన డయలున్న 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. మన డబ్బులో అప్పటికి సుమారు 25 కోట్ల రూపాయలు. కొన్నది ఒమేగా మ్యూజియమే. రెండేళ్లు కూడా తిరక్కుండా, 2023లో, అది రకరకాల భాగాలు ఏరి కూర్చిన వాచీ అని కంపెనీయే ప్రకటించింది. ఇందులో తమ మాజీ ఉద్యోగులు ముగ్గురి ప్రమేయం ఉందని కూడా చెప్పింది. సొంత వాచీని సొంత కంపెనీ మ్యూజియం గుర్తుపట్టలేకపోయిందంటే, సెల్‌ఫోన్‌లో నాలుగు ఫొటోలు చూసి డబ్బు పంపేవాడి పరిస్థితి ఊహించుకోవచ్చు.

మన దగ్గర ఈ కథ ఎక్కువగా హెచ్ఎంటీ చుట్టూ తిరుగుతుంది. జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన ఆ ఫ్యాక్టరీ వాచీలు ఒక తరానికి ఉద్యోగానికీ పెళ్లికీ గుర్తులు. షిప్‌యార్డు, పోర్టు, ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగుల ఇళ్లలో వెతికితే ఇప్పటికీ ఒక జనతా వాచీయో పైలట్ వాచీయో బీరువా సొరుగులో దొరుకుతుంది. అల్లుడికి వాచీ పెట్టడం పెళ్లి మాటల్లో ఒక అంశంగా ఉన్న రోజులవి. 2016లో ఆ వాచీల సంస్థను మూసేయాలని కేంద్రం నిర్ణయించాక పాత హెచ్ఎంటీలకు గిరాకీ వచ్చింది.

విదేశీ వాచీలకూ విడిభాగాలకూ కరువున్న ఆ కాలంలో మరకపడ్డ డయలును మార్చడం కన్నా గీకి, మళ్లీ రంగు వేసి, పేరు అచ్చు వేయించడమే చవక. అదొక సేవ, అందులో దాచింది ఏమీ లేదు. పెళ్లినాటి వాచీ మళ్లీ కళకళలాడితే ఇంటాయన సంతోషపడేవాడు. తర్వాత్తర్వాత అదే పని, ఫ్యాక్టరీ ఎన్నడూ వేయని ఎరుపు, నీలం, నారింజ రంగుల్లోకి మారి, ఆన్‌లైన్‌లో విదేశీయులకు అమ్మే సరుకైంది. సేకర్తలు వాటికి 'ముంబై స్పెషల్' అని పేరు పెట్టారు. రంగు మరీ కొత్తగా ఉండటమే వాటిని పట్టించింది. అలా రంగు వేసిన డయలుకు ఇప్పుడు పై నుంచి ముసలితనం అద్దితే ఆ పట్టుబడే గుర్తు కూడా చెరిగిపోతుంది. నకలు మీద ఇంకో నకలు. కృత్రిమ ముసలితనంలో అన్నిటికన్నా కీడు చేసేది ఈ రకమే. ఇది వాచీ వయసు గురించే కాక, దానికి జరిగిన మరమ్మతు గురించి కూడా అబద్ధం చెబుతుంది.

దీన్ని పట్టడానికి రంగును వదిలి అచ్చును చూడాలి. ఫ్యాక్టరీలో మెత్తని దిండుతో సిరా ఎత్తి అద్దిన అక్షరాలు పదిరెట్ల లెన్సు కింద కొద్దిగా ఉబ్బెత్తుగా, అంచులు చెక్కినట్టుగా కనిపిస్తాయి. మళ్లీ వేసినవి చదునుగా, మొద్దుగా, ఒకదానితో ఒకటి ఎడం కుదరక కనిపిస్తాయి. డయలు మీద అచ్చు వేసే 'పారాషాక్' (కుదుపుల నుంచి రక్షణ ఉందని చెప్పే మాట) వంటి చిన్న అక్షరాల దగ్గర ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. నిమిషాల గీతలు అంకెల నడిమధ్యకు రాకుండా పక్కకు జరిగితే అది వయసు తెచ్చిన మార్పు కాదు. కాలం గీతను మసకబారుస్తుంది గానీ చోటు మార్చదు.

చట్టంలోనూ ఒక చిత్రం ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, పాత సరుకునూ బాగుచేసిన సరుకునూ కొత్తదని చెప్పి అమ్మడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో పేరు పెట్టి చేర్చింది. కొత్తదాన్ని పాతదని అమ్మేవాడు ఉంటాడని విడిగా రాయలేదు. అయినా సరుకు నాణ్యత, తరగతి, మోడల్ గురించి తప్పుడు మాట చెప్పడం కూడా ఆ నిర్వచనంలోనే ఉంది. కాబట్టి బిల్లు మీద 'ఒరిజినల్ డయలు' అనో 'రీడయలు' (మళ్లీ రంగు, అచ్చు వేసిన డయలు) అనో రాయించుకోవడం కొనేవాడికి పనికొచ్చే కాగితం. నోటిమాటకు ఆ బలం ఉండదు.

సరదాకు తన సొంత వాచీ డయలును ఓవెన్‌లో పెట్టుకునేవాడిని తప్పుపట్టే పని లేదు. వాచీ అతనిది, చేతిపని నేర్చుకోవడమూ మంచిదే. చవకగా దొరికే కొత్త డయలు మీద ప్రయోగం చేయడం, గంధకపు మందు వాడితే గాలి ఆడే చోట కూర్చోవడం, తర్వాత అమ్మితే చేసింది చెప్పడం వరకే అతని బాధ్యత. తాతగారి వాచీని మాత్రం ఈ ప్రయోగానికి బలిపెట్టకూడదు. దాని మీద ఇప్పటికే ఉన్న మరకను ఎవరూ మళ్లీ తయారుచేయలేరు.

ఏళ్ల తరబడి ఆగిపోయి సొరుగులో పడున్న కొన్ని పాత రేడియం వాచీల్లో ముళ్ల కింద గోధుమ రంగు నీడలు పడి ఉంటాయి. ముళ్ల మీది రేడియం కదలకుండా ఒకే చోటును కాల్చగా మిగిలిన గుర్తులవి. ఆ వాచీ ఏ గంటకు ఆగిందో డయలు మీద అలాగే అచ్చుపడి ఉంటుంది. ఓవెన్‌కూ టీ డికాక్షన్‌కూ అందని పని ఇది. కాబట్టి జగదాంబ దగ్గరో డాబాగార్డెన్స్‌లోనో పాత వాచీని సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు రెండు మాటలు ముందే చెప్పడం మేలు. డయలును తుడవొద్దు. మిషను విప్పినప్పుడు డయలు ముందు వైపు, వెనక వైపు, కేసు కింద దాగిన అంచు కనిపించేలా మూడు ఫొటోలు తీసి పెట్టండి.